పొరుగూరి పక్షులు

స్వగ్రామమున నున్నంతకాలము మనకు కన్నులుండియు అనేక వస్తువులు కనబడవు. ప్రతిదినము చూచు చెట్టును, ప్రతిదినము విను కూతను మనస్సు లెక్కచేయదు. ఊరు విడిచి కొంతదూరము పోయినచో నిద్రించుచున్న ఆ మనస్సే మేల్కొనును. తీగెమీద వ్రాలిన పిట్ట యొకటి క్రొత్తగా తోచును. "ఇది యేమి పక్షి?" అను ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్న చిన్నదే. కాని దానిని విడువక వెంబడించువారికి అది ఎంత దూరము దారి చూపునో తెలుపుటకు నా యనుభవమునే కొంత చెప్పెదను.

నేను కృష్ణాతీరమందలి యొక పల్లెలో పుట్టి పెరిగినవాడను. కాలువలు, వరిచేలు, తాటిచెట్లు మా యూరి సంపద. కొంగలు, నీటికాకులు, లకుముకిపిట్టలు, ఇటుకరంగు రెక్కలును తెల్లని తలయు గల గరుడపక్షులు నాకు చిన్ననాటినుండి పరిచితములు. అందుచేత పక్షులను గూర్చి నాకు తెలియనిది లేదని గర్వపడుచుండెడివాడను. 2018వ సంవత్సరము డిసెంబరు నెలలో మా అక్కగారి యింట కొన్నిదినములు గడపుటకు నాచారము పోతిని. ఆ గర్వము అక్కడ మూడుదినములకంటె ఎక్కువ నిలువలేదు.

నాచారము, ఉప్పలు హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున ఒకదానికొకటి సమీపమున నున్నవి. ఒకప్పుడివి చెరువుల నాశ్రయించి బ్రదికిన పల్లెలు. తరువాత నాచారమున కర్మాగారములు వెలసినవి. ఉప్పలు పోవు మార్గమున జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడినది. కణజీవశాస్త్ర పరిశోధన కేంద్రమగు సీసీఎంబీయు ఆ మార్గముననే కలదు. 2017లో ఉప్పలుమీదుగా మెట్రో రైలు నడువసాగెను. ఇన్ని మార్పులనడుమ అక్కడక్కడ రాతినేలలు, తుమ్మచెట్లు, చెరువులు మాత్రము మిగిలి, పక్షులకు చోటిచ్చుచున్నవి. మా యూరిది తడినేల, నల్లని రేగడి. ఇక్కడిది ఎఱ్ఱని గరపనేల, గుండ్రని బండరాళ్ళు. నేల మారినచోట గడ్డి మారును. గడ్డి మారినచోట పురుగు మారును. పురుగు మారినచోట దానిని తిను పక్షియు మారును. పరస్థలమున మనకు క్రొత్తపక్షులు కనబడుటకు మొదటి కారణమిదియే.

మా మేనల్లుడు అప్పుడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. రెండవనాటి ఉదయమున మేమిద్దరము వాహ్యాళికి బయలుదేరితిమి. ఇండ్లస్థలములుగా విభజించి, హద్దురాళ్ళు పాతి, ఇంకను ఇండ్లు కట్టని బయలొకటి దారిలో నుండెను. అందు పొడవుకాళ్ళతో పరుగెత్తుచు ఆగుచు, మరల పరుగెత్తుచు ఒక పక్షి మేయుచుండెను.

"అది తీతువుపిట్ట. మా యూరి చెరువుగట్టున ఇవి చాల గలవు" అని నేను తత్‌క్షణమే చెప్పితిని.

వాడు కొంతసేపు నిదానించి చూచి, "మామయ్యా! తీతువునకు కంటియొద్ద ఎఱ్ఱని తోలు వ్రేలాడునని నిన్న రాత్రి మీరే చెప్పితిరి గదా! దీనికి పసుపుపచ్చగా నున్నదేమి? మెడయు నల్లగా లేదు" అనెను.

నేను మరల చూచితిని. వాడు చెప్పినది నిజము. మా యూరి తీతువునకు తల, కంఠము, రొమ్ము నల్లగా నుండును. కంటిముందర ఎఱ్ఱని తోలుండును. ముక్కు ఎఱ్ఱగా నుండి కొన మాత్రము నల్లనగును. ఇది అట్టిది కాదు. దీని తలమీద నల్లని టోపివంటి మచ్చ, దానిక్రింద సన్నని తెల్లని పట్టె, ముక్కునకు ఇరువైపుల పసుపుపచ్చని తోలు. మెడయు వీపును మట్టిరంగు. ఇది తీతువు జాతిలోనిదే గాని వేఱొక తెగ. మొదటిది నీటిచెంతను కోరును. రెండవది పొడినేలలను, బీళ్ళను కోరును. నేను చూచినది పసుపుపిట్టను. పలికినది ఎఱ్ఱపిట్ట పేరు. కన్ను చూడకముందే నాలుక తొందరపడెను.

ప్రయాణికులు చేయు మొదటి పొరపాటిదియే. తెలియని దానిపై తెలిసిన పేరును కప్పుదురు. పేరు పెట్టినంతనే మనస్సు తృప్తిచెంది చూచుట మానివేయును. అందుచేత క్రొత్తపక్షి కనబడినప్పుడు పేరుకొఱకు తొందరపడరాదు. ముందు రూపమును గ్రహింపవలెను. పేరు తరువాత వచ్చును.

రూపమును గ్రహించుటకు ఒక క్రమము కలదు. మొదట పరిమాణము. అంగుళములతో కొలుచుట సాధ్యము కాదు గావున తెలిసిన పక్షులనే కొలమానముగా నుంచుకొనవలెను. పిచ్చుకంతయా, గోరువంకంతయా, కాకియంతయా, గ్రద్దయంతయా? పిదప ముక్కును చూడవలెను. ముక్కే పక్షికి పనిముట్టు. గింజలను చిదుపునది పొట్టిగా లావుగా నుండును. పురుగులను పట్టునది సన్నగా నుండును. మాంసము చీల్చునది కొక్కెమువలె వంగియుండును. బురదను శోధించునది పొడవుగా నుండును. ముక్కును బట్టి భోజనమును, భోజనమును బట్టి నివాసమును చాలవఱకు ఊహింపవచ్చును. తరువాత కాళ్ళు, తోక, రంగులు, ముఖ్యముగా కన్నులచుట్టును రెక్కలమీదను ఉండు మచ్చలు చూడవలెను. నడచునా, గంతులిడునా, తోక నాడించునా? కూత యెట్టిది? ఒంటిగా నున్నదా, గుంపుతోనా? నీటిచెంతనా, రాతిమీదనా? వీనినన్నిటిని తేదీతోను, వేళతోను, స్థలముతోను ఒక చిన్న పుస్తకమున అప్పటికప్పుడే వ్రాసికొనవలెను. ఇంటికి పోయి వ్రాయుదమనుకొన్నచో దారిలోనే జ్ఞాపకము రంగులు మార్చును. నేడు చేతిలోని ఫోనుతో ఛాయాచిత్రము తీయవచ్చును. అయినను చిత్రము కూతను, నడకను, అలవాటును పూర్తిగా పట్టలేదు. ఆ పని కంటికిని చెవికిని చెందినది.

మూడవనాడు ఉప్పలులోని నల్లచెరువునకు పోయితిమి. నగరపు మురుగునీరు చేరుచుండుటచే ఆ చెరువునీరు నిర్మలముగా లేదు. గట్టు పొడవున చెత్తయు కనబడెను. అయినను నీటి అంచున అనేక పక్షులుండెను. గులాబిరంగు గల సన్నని పొడవుకాళ్ళతో, నల్లని రెక్కలతో కొన్ని పక్షులు కొయ్యకాళ్ళు కట్టుకొని నడచు ఆటగాండ్రవలె నీటిలో తిరుగుచుండెను. నల్లని దేహమును, నొసట తెల్లని బిళ్ళయు గల బొల్లికోళ్ళు ఈదుచుండెను. వానినడుమ కొన్ని బాతులు ముక్కులు నీటిలో నుంచి కుడియెడమలకు ఊపుచు ముందునకు సాగుచుండెను. ఆ ముక్కు కొనయందు వెడల్పై గరిటవలె నుండెను. దాని యంచులందు దువ్వెనపండ్లవంటి సన్నని వరుసలుండును. నీరు వెలుపలికి జారిపోవును. నీటిలోని చిన్నప్రాణులు, గింజలు వానిలో చిక్కుకొనును. ఈ గరిటముక్కు బాతు శీతకాలమున మాత్రమే మనదేశమునకు వచ్చు అతిథి.

గట్టుమీద నిలిచి చూచుచున్న పెద్దమనిషి యొకరు, "ఇవి యన్నియు సైబీరియానుండి వచ్చిన పక్షులు బాబూ" అని మా మేనల్లునితో చెప్పిరి. ఈ మాట మన రాష్ట్రములందు చాలచోట్ల వినబడును. ఇందు కొంత నిజము, కొంత పొరపాటు కలదు. గరిటముక్కు బాతు ఐరోపా, ఆసియాఖండముల ఉత్తరభాగమున గ్రుడ్లుపెట్టి పిల్లలను పెంచి, చలికాలమున దక్షిణమునకు దిగివచ్చును. గులాబికాళ్ళ పక్షియు, బొల్లికోడియు మనదేశమున గూళ్ళు కట్టుకొనునవియే. శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురమునకు ఏటేట వచ్చు గూడబాతులను సైతము జనులు సైబీరియా పక్షులందురు. కాని ఆ మచ్చలముక్కు గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశములకు చెందినది. దానికి సైబీరియాతో సంబంధము లేదు. తేలినీలాపుర గ్రామస్థులు వానిని ఆడపడుచులవలె ఆదరించి కాపాడుట మాత్రము మిక్కిలి మెచ్చదగిన విషయము. అతిథి దూరమునుండి వచ్చినను దగ్గఱనుండి వచ్చినను ఆదరము తగ్గదు గదా!

ఇక నిజముగ దూరమునుండి వచ్చు పక్షులు అంత ప్రయాణము ఏల చేయును? ఉత్తరదేశములందు వేసవిలో పగలు మిక్కిలి దీర్ఘముగా నుండును. పురుగులు లెక్కకు మించి పుట్టును. పిల్లలను మేపుటకు అంతకంటె మంచికాలము లేదు. శీతకాలము రాగానే పగలు కుఱుచనగును, చెరువులు గడ్డకట్టును, పురుగులు మాయమగును. అప్పుడు ఆహారము వెదకికొనుచు పక్షులు దక్షిణమునకు సాగును. సాధారణముగా సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వచ్చి మార్చి, ఏప్రిల్ నెలలలో మరలిపోవును. తలవెనుక రెండు నల్లని పట్టెలు గల బాతు యొకటి టిబెట్టు, లడఖు, మంగోలియా ప్రాంతముల సరస్సులనుండి హిమాలయములను దాటి వచ్చును. అట్టి ప్రయాణములందు అది 7,000 మీటర్లకు పైగా ఎత్తున ఎగురుట యంత్రసాధనములవలన తెలిసినది.

ఈ దారులు మనుష్యులకు ఎట్లు తెలిసెను? 1899లో డెన్మార్కు దేశమందలి మార్టెన్‌సెన్ అను ఉపాధ్యాయుడు పక్షుల కాళ్ళకు అంకెలు చెక్కిన అల్యూమినియము ఉంగరములను తొడిగి విడువసాగెను. ఆ పక్షి మరియొక దేశమున దొరికినప్పుడు ఉంగరమును బట్టి దానిని తొడిగిన చోటు తెలిసెడిది. నేడు పక్షివీపున అమర్చిన తేలికపాటి యంత్రము కృత్రిమ ఉపగ్రహములద్వారా దాని దారిని తెలుపుచున్నది. పక్షులు సూర్యుని, నక్షత్రములను, భూమియొక్క అయస్కాంతశక్తిని ఆధారము చేసికొని దిక్కు తెలిసికొనునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఉప్పలు మార్గమందలి భూభౌతిక పరిశోధన సంస్థలో ఆ అయస్కాంతశక్తినే సున్నితములైన పరికరములతో కొలుచుదురు. పరికరములతో మనుష్యుడు కొలుచుచున్న దానిని, ఆ సంస్థ పైకప్పుమీదుగా ఎగిరిపోవు పిట్ట తన శరీరముననే గ్రహించుచున్నది!

నల్లచెరువు గట్టుననే మేము రెండు తెగల కాటుకపిట్టలను చూచితిమి. రెండును తోకను క్రిందికి పైకి ఆడించుచుండెను. ఒకదాని వీపు నల్లన, కనుబొమ తెల్లన. ఇది ఏడాది పొడవున ఇక్కడనే యుండునది. రెండవదాని వీపు బూడిదవన్నె, ముఖము తెలుపు. ఇది హిమాలయములందును, అంతకు ఉత్తరమునను పుట్టి చలికాలమున మాత్రము వచ్చునది. ఒకే రాతిమీద గృహస్థును, అతిథియు ప్రక్కప్రక్కన మేయుచున్నవి. ఈసారి నేను నోరు తెఱవలేదు. మా మేనల్లుడే రెండింటి భేదమును చెప్పి పుస్తకమున వ్రాసికొనెను.

తెలియని పక్షిని గూర్చిన యొక ప్రశ్న మనుష్యుని జీవితమునే మార్చిన సంగతి యొకటి కలదు. బొంబాయిలో పెరిగిన సలీం అలీ బాలుడుగా నున్నప్పుడు తుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. దాని గొంతుమీద పసుపుపచ్చని మచ్చ యుండెను. ఇట్టిది ఇంటిపిచ్చుకకు ఉండదని అతడు గమనించి మేనమామ నడిగెను. ఆయనకు తెలియక బాలుని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పంపెను. అక్కడి కార్యదర్శి మిల్లార్డు దొర ఆ పక్షి పేరు చెప్పి, సంఘము సేకరించిన పక్షుల నమూనాలనెల్ల చూపించెను. ఆ బాలుడే పెద్దవాడై 1931లో నిజాము ప్రభుత్వపు సహాయముతో హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలింప బయలుదేరెను. 1932 వఱకు సంస్థానమందలి అడవులను, చెరువులను తిరిగి వ్రాసిన వివరములు ఆ సంఘపు పత్రికలో వెలువడినవి. దక్కనునందలి పక్షులను గూర్చి తరువాత పనిచేసినవారికి అవి ఆధారమైనవి. 1941లో ఆయన ప్రకటించిన భారతదేశపు పక్షుల పుస్తకము ఎందఱినో పక్షిప్రియులను చేసెను. ఆ కాలమున పక్షులను కొట్టి పరిశీలించుట వాడుక. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నియంత్రించెను. నేటి పరిశీలకునికి దూరదర్శిని, పుస్తకము, ఓర్పు చాలును. రాలిన యొక ఈకనుండి సైతము అది యే జాతిదో తేల్చు విధానములు నేడు కలవు. రక్తము, రోమములవంటి చిన్న ఆనవాళ్ళనుండి జంతుజాతిని గుర్తించు పద్ధతిని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు రూపొందించిరి.

క్రొత్తచోట పక్షిని గుర్తించుటకు పుస్తకములతో పాటు ఆ యూరివారిని అడుగుట మిక్కిలి అవసరము. 19వ శతాబ్దమున జెర్డన్ అను వైద్యుడు తెలుగుదేశపు పొడిపొదలలో ఒక పక్షిని లోకమునకు తెలిపెను. 1900 తరువాత అది శాస్త్రజ్ఞులకు కనబడలేదు. నశించినదని తలంచిరి. కాని కడపప్రాంతమున అడవులయంచున బ్రదుకువారికి ఆ రాత్రిపక్షి తెలిసియే యుండెను. వారు దానిని కలివికోడి యని పిలుచుచుండిరి. 1986 జనవరిలో స్థానికుడగు వేటకాని సహాయముననే బొంబాయి సంఘపు పరిశోధకుడు దానిని మరల కనుగొనెను. 86 సంవత్సరములు గ్రంథములు "లేదు" అన్న పక్షిని ఒక వేటకాడు "ఉన్నది" అని చూపెను.

నాచారములో నేనింకొక పొరపాటును చేసితిని. అక్కగారి వీధిచివర కూలిన గోడమీద ఒక చిన్నపక్షి వ్రాలెను. దేహమంతయు నిగనిగలాడు నలుపు; రెక్కమీద తెల్లని మచ్చ; నిక్కిన తోకక్రింద ఇటుకరంగు. పిచ్చుకకంటె కొంచెము పెద్దది. "ఈ పక్షి మాప్రాంతమున లేదు. ఇది ఈ రాతినేలలకే ప్రత్యేకము" అని నేను నిశ్చయముగా పలికితిని. మా మేనల్లుడు పుస్తకమున పేరుకొఱకు ఖాళీవిడిచి రూపమును మాత్రము వ్రాసికొనెను.

తరువాతి సంవత్సరము వేసవిసెలవులలో వాడు మా పల్లెకు వచ్చెను. ఇప్పుడు పొరుగూరిలో నున్నవాడు వాడు. నేను స్వగ్రామమున నున్నవాడను. గరుడపక్షిని, నీటికాకిని చూచి ఆశ్చర్యపడెను. మూడవనాటి ఉదయమున పెరటిలోనుండి "మామయ్యా! శీఘ్రముగా రండు" అని కేకవేసెను. పాతబావి గోడసందులోనికి ఒక నల్లనిపిట్ట పురుగును కఱచుకొని దూరుచుండెను. రెక్కమీద తెల్లని మచ్చ, తోకక్రింద ఇటుకరంగు. వాడు పుస్తకము తెఱచి నాచారమున వ్రాసికొన్న పుటను నాకు చూపెను. ఒక్క గుర్తైనను తేడా లేదు.

మా అమ్మగారు ముంగిట ముగ్గుపెట్టుచు ఈ మాటలు విని నవ్విరి. "దానిని నల్లంచి యందురు నాయనా! నీ మామయ్య పుట్టకముందునుండియు ఆ బావిగోడలో గూడు పెట్టుచునే యున్నది" అని మనుమనితో చెప్పిరి.

నేను మాటాడలేకపోతిని. ఆ బావినీటితో నలువది సంవత్సరములు స్నానము చేసితిని. ఆ పిట్టను చూచుటకు నేను నాచారము పోవలసివచ్చెను. అది మా యింటనే కలదని తెలిసికొనుటకు నాచారపు బాలుడు మా యింటికి రావలసివచ్చెను. తెలియని దానికి తెలిసిన పేరు పెట్టుట మొదటి పొరపాటైనచో, చూడని దానిని లేదని పలుకుట రెండవది. మొదటిది తొందరపాటువలన పుట్టును. రెండవది అహంకారమువలన పుట్టును.

ఆ సాయంకాలము మా మేనల్లుడు పుస్తకమందలి ఖాళీలో "నల్లంచి" అని వ్రాసి, దానిక్రింద "అమ్మమ్మ చెప్పినది" అని చేర్చెను. పిదప తల యెత్తి, "మామయ్యా! మా నల్లచెరువునకు వచ్చు బాతులు ఏటేట అదే చెరువును వెదకికొని వచ్చునా?" అని యడిగెను.

"చాల పక్షులు శీతకాలమున పూర్వము తెలిసిన తావులకే మరల వచ్చును" అని చెప్పితిని.

"వచ్చునప్పటికి చెరువు లేనిచో?"

ఆ ప్రశ్నకు నాయొద్ద ప్రత్యుత్తరము లేదు. చెరువు మట్టితో పూడినను, మురుగుతో నిండినను ముందుగా తెలియునది పక్షికి. తరువాత తెలియునది మనకు. వేలమైళ్ళు ప్రయాణముచేసి వచ్చు అతిథికి నిలువ నీడ లేకుండ చేయుట మన యాచారము కాదు.

కావున బాలబాలికలారా! మీరు సెలవులలో ఏ యూరికి పోయినను ఒక చిన్న పుస్తకమును వెంట తీసికొనిపొండు. క్రొత్తపక్షిని నెమ్మదిగా చూడుడు. పేరు తెలియనిచో ఆ చోటు ఖాళీగా విడువుడు. ఆ యూరి పెద్దల నడుగుడు. గూళ్ళను, గ్రుడ్లను తాకకుడు. మరలి వచ్చిన తరువాత ఆ పుస్తకమునే చేతబట్టుకొని, పొరుగూరినుండి వచ్చినవారివలె మీ పెరటిలోనికి ఒకసారి పొండు. మీ బావిగోడలోను ఎవరును పేరడుగని నల్లంచి యొకటి ఉండవచ్చును.